చప్పుడు మాన్పుటయా, దోషము మాన్పుటయా?



నీ వస్తువును నీవే బాగుచేసికొనునప్పుడు ఆ పని సరిగా జరిగినదో లేదో చూచువాడెవడు? కూలివానిని పెట్టుకొంటివేని వాని పనిని నీవు పరీక్షింతువు. గట్టు వంకరగా వేసినయెడల, కూలి యిచ్చుటకు ముందే మరల వేయుమందువు. అయితే పనివాడవు నీవే, పని చూచువాడవు నీవే యైనప్పుడు తీర్పు చెప్పువాడవును నీవే యగుదువు. తన పనికి తానే తీర్పరియైన మనుష్యుడు యథార్థముగా నుండుట యెట్లు? ఈ ప్రశ్నను ఒక చిన్న యంత్రభాగమునుబట్టి మనము ఆలోచింతము. అది అమెరికా దేశములో కుటుంబముల బండియందు ఉండునది. దాని పేరు యాక్చువేటరు.

చదువుల నిమిత్తమును ఉద్యోగముల నిమిత్తమును మన గ్రామములనుండి ఆ దేశమునకు వెళ్లినవారు అనేకులు. వారు పంపిన ఫొటోలలో ఇంటియెదుట నిలిచియున్న పొడవైన బండిని మీలో కొందరు చూచియే యుందురు. దానిని మినీవ్యాను అందురు. క్రైస్లర్ కంపెనీవారు 1983 చివర, 1984 మోడలుగా, డాడ్జ్ క్యారవాన్, ప్లిమత్ వోయజర్ అను పేర్లతో దానిని అమ్మనారంభించిన నాటినుండి అది ఆ దేశములో సంసారుల బండి యైనది. ఏడెనిమిదిమంది అందులో కూర్చుండవచ్చును. తలిదండ్రులు, పిల్లలు, మన ఊరినుండి చూడవచ్చిన తాతయ్య, నాయనమ్మ అందరును ఆ ఒక్క బండిలోనే బడికిని అంగడికిని ఆరాధనకును పోవుదురు. ఆ దేశపు ఉత్తర రాష్ట్రములలో చలికాలమున నీళ్లు గడ్డకట్టును, వేసవిలో ఉక్కపోయును. గనుక బండి లోపల వేడిగాలియు చల్లగాలియు వచ్చు ఏర్పాటు అక్కడ విలాసము కాదు, అవసరము.

ఆ ఏర్పాటు ఇట్టిది. ముందు సీట్ల యెదుటనున్న డాష్‌బోర్డు వెనుక ప్లాస్టిక్ పెట్టె యొకటి యుండును. ఇంజనును చల్లబరచి తాను వేడెక్కిన కూలెంటు నీరు, సుమారు 90 డిగ్రీల సెంటిగ్రేడు వేడితో, ఆ పెట్టెలోని చిన్న రేడియేటరుగుండ పారును. దానిని హీటరు కోరు అందురు. దానికి ముందుగా చల్లదనమునిచ్చు భాగము వేరొకటి యుండును. ఫ్యాను త్రోసిన గాలిలో ఎంత భాగము ఆ వేడి రేడియేటరుగుండ పోవలెనో, ఎంత భాగము దానిని తప్పించుకొని పోవలెనో ఒక చిన్న తలుపు నిర్ణయించును. పొలమునకు నీరు పెట్టువాడు ఒక మడవ తీసి మరియొక మడవ కట్టునట్లు, ఆ తలుపు అటు కొంత తెరచుకొని ఇటు కొంత మూసికొనును. ఇట్టి తలుపులు అనేకము. గాలిని ముఖమునకా, పాదములకా, ముందటి అద్దమునకా అని మళ్ళించునది ఒకటి. బయటి గాలిని రానిచ్చునది ఒకటి. డ్రైవరునకు ఒకటి, ప్రక్కవానికి ఒకటి, వెనుకవారికి ఒకటి వేరువేరుగా నున్న వ్యానులును కలవు.

ఈ తలుపును త్రిప్పు సేవకుడే యాక్చువేటరు. అది అరచేతిలో ఇముడు ప్లాస్టిక్ డబ్బీ. దాని లోపల చిన్న విద్యుత్ మోటారును, ఆ మోటారు వేగమును తగ్గించి బలమును పెంచు ప్లాస్టిక్ పళ్ళచక్రములును ఉండును. తలుపు ఎంతవరకు తిరిగినదో తెలుపు గుర్తు కూడ అనేక డబ్బీలలో నుండును. ఏండ్లు గడచినకొలది ఒక పన్ను విరుగును. చక్రము ఆ విరిగిన చోట జారి, పట్టుకొని, మరల జారును. అప్పుడు బండి స్టార్టు చేయగానే గాని, వేడిని మార్చగానే గాని, డాష్‌బోర్డు వెనుకనుండి టక్ టక్ మని చప్పుడు వచ్చును. ఒక ప్రక్క కూర్చున్నవానికి వేడిగాలి, మరియొక ప్రక్కవానికి చల్లగాలి తగులును. పిల్లలు వెనుకనుండి సణుగుదురు. ఇంటివారు, "ఈ చప్పుడేమిటి, చూడరాదా?" అందురు.

చదువరీ, ఇక్కడనే శోధన యున్నది. ఆ చప్పుడును మాన్పుటకు మిక్కిలి సులువైన ఉపాయమొకటి కలదు. డబ్బీకి వచ్చు తీగల ప్లగ్గును ఊడదీసిన చాలును, మోటారు ఆగును. ఆ క్షణముననే నిశ్శబ్దము కలుగును. ఇంటివారు సంతోషింతురు. "బాగుచేసితిరా?" అని అడిగినవారితో "ఆ, బాగైనది" అని చెప్పవచ్చును. అయితే నిజముగా బాగైనదా? తలుపు ఎక్కడ నిలిచెనో అక్కడనే యుండిపోయినది. అది అద్దమునకు గాలిని మళ్ళించు తలుపు అనుకొనుము. చలికాలపు ఉదయమున ఏడుగురి ఊపిరి ఆవిరియై లోపలి అద్దమునకు పట్టును. దానిని తొలగింపవలసిన వేడిగాలి పాదములయొద్దనే తిరుగుచుండును. త్రోవ కనబడని బండిలో తన పిల్లలనే కూర్చుండబెట్టుకొని ఒక తల్లి బడికి బయలుదేరును. ముందటి అద్దమునుండి మంచును ఆవిరిని తొలగించు ఏర్పాటు ప్రతి బండికిని ఉండవలెనని అమెరికా దేశపు వాహన భద్రతా ప్రమాణములలో 103వది విధించుచున్నది. సుఖము కొరకైనదని మనము తలంచిన చిన్న సామాను ప్రాణములతో సంబంధించినదై యున్నది.

కొత్త సామాను వచ్చువరకు ప్లగ్గును ఊడదీయుట తప్పని నేను చెప్పుట లేదు. ఏ తలుపు ఎక్కడ నిలిచినదో చూచి, అద్దమునకు గాలి వచ్చుచున్నదని నిశ్చయపరచుకొని, బండి నడుపువారందరికి ఉన్నదున్నట్లు తెలిపినయెడల అది మోసము కాదు. "బాగైనది" అను మాటలోనే అబద్ధమున్నది. చప్పుడు మానినది, దోషము మానలేదు. ఫిర్యాదును తృప్తిపరచుట వేరు, ఫిర్యాదునకు కారణమైనదానిని సరిచేయుట వేరు.

అట్లయిన మనవంటివారు ముట్టుకొనక షెడ్డుకే పంపుట మేలు కదా అని మీరు అడుగవచ్చును. అది సరియైన ముగింపు కాదు. తన చేతులతో తన యింటి వస్తువును చక్కబెట్టుకొనుట మంచి పని. అమెరికా చట్టము సహితము దానికి చోటిచ్చుచున్నది. యజమాని తానే మరమ్మతు చేసెనని గాని, వేరొక కంపెనీ సామాను వేసెనని గాని, ఆ ఒక్క కారణముచేత వారంటీ చెల్లదనకుండునట్లు 1975లో మాగ్నసన్-మాస్ చట్టము కాపుదల కల్పించెను. 2012లో మసాచుసెట్స్ రాష్ట్ర ప్రజలు, బండ్ల కంపెనీలు మరమ్మతు సమాచారమును యజమానులకును స్వతంత్ర మెకానిక్కులకును అందుబాటులో ఉంచవలెనని అధికమైన ఓట్లతో తీర్మానించిరి. 2014లో కంపెనీలు ఆ యేర్పాటును దేశమంతటికిని ఒప్పుకొనెను. కాబట్టి హక్కు కలదు. అయితే హక్కు కలిగినంతమాత్రమున యోగ్యత కలుగదు. చేయి పెట్టు హక్కుతోకూడ మూడు బాధ్యతలు వచ్చుచున్నవి.

మొదటిది, విచారణ లేక నేరము మోపకుండుట.

ఒక ప్రక్క వేడి, ఒక ప్రక్క చలి వచ్చుచున్నదని వినగానే, "యాక్చువేటరు పోయినది" అని చెప్పువారనేకులు. అది నిజము కావచ్చును, కాకపోవచ్చును. కూలెంటు నీరు తక్కువైనను వేడి రాదు. హీటరు కోరులో మడ్డి పేరుకొన్నను కొన్ని వ్యానులలో ఒక ప్రక్క వేడియు మరియొక ప్రక్క చలియు వచ్చును. చల్లబరచు వాయువు తగ్గినను ఒక ప్రక్క చల్లదనము ముందుగా తగ్గవచ్చును. గుర్తు ఒక్కటే, దోషులు అనేకులు. కాబట్టి బుద్ధిమంతుడు మొదట నీటిమట్టమును, ఫ్యూజును చూచును. తరువాత ఒకరిని మీట త్రిప్పుమని చెప్పి, తాను టార్చిలైటు వేసి, డబ్బీ కదలుచున్నదా లేదా అని కన్నులార చూచును. కొన్ని వ్యానులలో ఇరుప్రక్కల డబ్బీలు ఒకే మాదిరివి. వాటిని ఒకదాని స్థానములో ఒకటి పెట్టి చూచినయెడల సంగతి తేలును. దోషము డబ్బీతోకూడ ప్రక్క మారినయెడల డబ్బీదే నేరము. దోషము ఉన్నచోటనే యున్నయెడల డబ్బీ నిర్దోషి.

ఇంతటితో విచారణ ముగియలేదు. డబ్బీ విరిగినదని తేలినను, అది ఎందుకు విరిగినదని అడుగవలెను. డబ్బీని విప్పిన తరువాత తలుపు ఇరుసును వ్రేళ్లతో మెల్లగా త్రిప్పి చూడుము. అది ఈ కొననుండి ఆ కొనవరకు తేలికగా తిరుగవలెను. గాలి రంధ్రములగుండ పడిన పెన్సిలు గాని, ఎండుటాకులు గాని అడ్డుపడి తలుపు బిగిసికొన్నయెడల, మోటారు తన శక్తినంతటిని పెట్టి త్రోసి త్రోసి పళ్ళు విరుగగొట్టుకొన్నది. అట్టి చోట కొత్త డబ్బీ వేసినను కొలది దినములలో అదియు విరుగును. అప్పుడు మనము, "ఈ కంపెనీ సామాను మంచిది కాదు" అందుము. అది మోయలేని బరువును మనము చూడలేదు. అది విరుగుటను మాత్రము చూచితిమి.

చదువరీ, నీ యింటిలో ఇట్టి సేవకుడు లేడా? చెల్లెండ్ర పెండ్లిండ్లు, తండ్రి అప్పులు, తమ్ముల చదువులు ఒంటిగా లాగుచున్న పెద్ద కుమారుడు ఒకనాడు గట్టిగా కసరినయెడల, వాని నోరు మంచిది కాదందుము. వాడు త్రోయుచున్న తలుపునకు ఏది అడ్డుపడినదో ఎవరైన చూచితిరా?

రెండవది, కనబడని చోట నమ్మకముగా నుండుట.

డాష్‌బోర్డు మూసిన తరువాత దాని వెనుక ఏమి జరిగినదో ఎవరును చూడరు. డబ్బీకి మూడు స్క్రూలుండవలసినచోట, చేయి అందని మూడవదానిని వదలినను ఆ దినమున తేడా తెలియదు. ఇరుసు డబ్బీ రంధ్రములో సరిగా కూర్చుండకముందే స్క్రూలతో బలవంతముగా బిగించినను కొంతకాలము నడచును. ప్లాస్టిక్‌లో స్క్రూను మితిమీరి త్రిప్పినయెడల గాడి చెడును. చెడినదని త్రిప్పినవానికి మాత్రమే తెలియును. తీసిన తీగను దాని యథాస్థానమున కట్టక వదలినయెడల, అది ఒకనాడు పెడలు కడ్డీకి తగులుకొనవచ్చును. వీటిలో ఒక్కటియు పైకి కనబడదు. పై పలకలు అందముగా బిగించి, గుడ్డతో తుడిచి, "చూడుడి, ఎంత చక్కగా నున్నదో" అనవచ్చును.

కడపట చేయవలసిన పని యొకటి కలదు. కొత్త డబ్బీకి తలుపు కొనలెక్కడనో తెలియదు. గనుక బండి దానిని ఒక కొననుండి మరియొక కొనకు త్రిప్పించి హద్దులు నేర్పవలెను. కొన్ని బండ్లలో దానికి వేరు పరికరము కావలెను, కొన్నిటిలో మీటలను ఒక వరుసలో నొక్కవలెను. ఆయా బండి సర్వీసు పుస్తకమునుబట్టి చేయవలసినదే. ఆ సమయమున మధ్యలో మీటలు ముట్టక ఓపికతో కనిపెట్టవలెను. తన హద్దు తెలియని సేవకుడు గోడను త్రోయుచు మరల పళ్ళు విరుగగొట్టుకొనును. పనియైన తరువాత వేడి, చలి, ముఖము, పాదములు, అద్దము, ఈ ప్రతిదానిని ఒక్కొక్కటిగా పెట్టి చేయి అడ్డుపెట్టి చూచువాడే పని ముగించినవాడు.

పరీక్షించువాడు లేనిచోట నీ మనస్సాక్షియే పరీక్షకుడు. టార్చిలైటు పట్టుకొమ్మని నీ కుమారునిగాని కుమార్తెనుగాని పిలువుము. మూడవ స్క్రూ విషయములో నీవేమి చేసితివో ఆ బిడ్డ చూచును. యథార్థతను గూర్చి నీవు చెప్పిన పది మాటలకంటె అది వానికి ఎక్కువకాలము జ్ఞాపకముండును.

మూడవది, హద్దు తెలిసికొని ఆగుట.

డాష్‌బోర్డు దగ్గర ప్రమాద సమయమున క్షణములో ఉబ్బి మనుష్యుని కాపాడు ఎయిర్‌బ్యాగులుండును. కొన్ని వ్యానులలో డ్రైవరు మోకాళ్లయెదుట కూడ నుండును. వాటి తీగలకు సాధారణముగా పసుపుపచ్చ గుర్తుండును. బ్యాటరీ నెగిటివ్ తీగను తీసి, సర్వీసు పుస్తకము చెప్పినంతసేపు ఆగక, ఆ చోట చేయిపెట్టుట ధైర్యము కాదు, తెలివితక్కువ. కాపాడుటకై పెట్టినదే అకాలమున ఉబ్బినయెడల గాయపరచును. మరియు దోషము డబ్బీలో గాక పెట్టె లోపలి తలుపులోనే యున్నయెడల, కొన్ని బండ్లలో పెట్టెనంతటిని బయటికి తీయవలసి వచ్చును. దానికి చల్లబరచు వాయువును ముందుగా యంత్రములోనికి పట్టుకొనవలెను. దానిని గాలిలోనికి తెలిసి వదలుట అక్కడ నేరము. కూలి తీసికొని బండ్లలోని ఆ వాయువుతో పనిచేయు మెకానిక్కు శిక్షణపొంది ధ్రువపత్రము కలిగియుండవలెనని 1990లో సవరింపబడిన వాయుశుద్ధి చట్టము విధించినది. ఇక్కడ, "ఇంతవరకు విప్పితిని గదా, మిగిలినది కూడ నేనే చేసెదను" అనునది గర్వము. విప్పిన స్క్రూలను డబ్బాలో పెట్టి మెకానిక్కునొద్దకు పోవుట ఓటమి కాదు.

పోయినప్పుడు అతని కూలినిగూర్చి ఒక మాట. "ఇంత చిన్న ప్లాస్టిక్ డబ్బీకి ఇంత కూలియా?" అని సణుగుట అక్కడను కలదు, ఇక్కడను కలదు. కొన్ని డబ్బీలు వంగి చేయి చాచినంతలో అందును. కొన్నింటికి డాష్‌బోర్డును చాలమట్టుకు విప్పవలెను. కూలి డబ్బీ ధరకు కాదు. చేరుటకు పట్టిన గంటలకును, దోషమెక్కడనో తెలిసిన జ్ఞానమునకును చెల్లునది. ఒక పూట ఆ బిగువు సందులో తలక్రిందుగా పండుకొని ఒక్క స్క్రూ విప్పినవాడు ఇక ఎన్నడును పనివాని కూలికి బేరమాడడు. తానే బాగుచేసికొనుటలో మిగులు ధనము కొంతయే; పనిచేయువానియెడల కలుగు గౌరవము అధికము. గౌరవము కలుగక ధనము మాత్రమే మిగిలినయెడల ఆ మనుష్యుడు నేర్చుకొన్నది తక్కువ.

చదువరీ, నీకు ఆ వ్యాను లేకపోవచ్చును. అయితే చప్పుడు చేయునది ప్రతి యింటను కలదు. కోడలు కన్నీరు పెట్టినప్పుడు, "ఊరకుండుము, నలుగురు విందురు" అందుము. కన్నీరు ఆగును, ఆమె ఏల ఏడ్చినదో అడుగము. బిడ్డ బడికి పోననినప్పుడు రెండు దెబ్బలు కొట్టి పంపుదుము. బిడ్డ పోవును, బడిలో వానిని భయపెట్టునదేదో తెలిసికొనము. సంఘపు లెక్కలలో తేడా యున్నదని ఒకడు కూటములో లేచి అడిగినప్పుడు, "పెద్దలను అడుగువాడవా?" అని కూర్చుండబెట్టుదుము. కూటము నెమ్మదిగా ముగియును. లెక్క మాత్రము అట్లే యున్నది. ఈ మూడు చోట్లను మనము చేసినది ప్లగ్గు ఊడదీయుటయే. అద్దము మసకబారుచునే యున్నది, బండి నడచుచునే యున్నది, లోపల మనవారే కూర్చున్నారు.

చప్పుడు శత్రువు కాదు. లోపల విరిగినదొకటి యున్నదని తెలుపు కబురు అది. కబురు తెచ్చినవాని నోరు మూయువాడు ఒక దినము నెమ్మదిని సంపాదించుకొనును. కబురు విని, దీపము పట్టుకొని, మోకాళ్లూని, విరిగినచోటు కనబడువరకు వెదకువాడు తన యింటివారికి క్షేమమును సంపాదించును.

కాబట్టి ఈ వారము నీ యింట వినబడుచున్న చప్పుడేదో ఒక్కటి యెంచుకొనుము. దానిని మాన్పుటకు తొందరపడకుము. మొదట కూర్చుండి వినుము. నేరము మోపకముందు విచారింపుము. నీ చేతనైనది నీవే చేయుము, ఎవరును చూడని చోటనే ఎక్కువ జాగ్రత్తగా చేయుము. నీ చేతకానిదానిని తెలిసినవానియొద్దకు సిగ్గుపడక తీసికొనిపొమ్ము. పని సగములో నున్నప్పుడు, "ఇంకను బాగుకాలేదు" అని నిజము చెప్పుము. బాగైన దినమున నీవు ఏమియు చెప్పనక్కరలేదు. వెనుక సీటులో కూర్చున్న బిడ్డలకే అది తెలియును.